నల్గొండ పద్ధతి: గుణదోష విచారణ

హైదరాబాదు నుండి విజయవాడ పోవు రహదారిపై నార్కట్‌పల్లి దాటిన పిమ్మట కట్టంగూరు వచ్చును. చుట్టును మెట్ట నేల. అక్కడక్కడ గ్రానైటు గుట్టలు. వానపడిన సంవత్సరము నిండి, పడని సంవత్సరము ఎండు చెరువులు. ఈ ప్రాంతమందలి ఏ ఉన్నత పాఠశాలలోనైనను సామాన్యశాస్త్రపు ఉపాధ్యాయుడు "మంచినీళ్లు అనగా నేమి?" అని అడిగినచో, ఎక్కువమంది పిల్లలు చెప్పదగిన జవాబు ఒక్కటే: క్రిములు లేని నీళ్లు. పుస్తకములలో ఉన్నదియు అదియే. జవాబు తప్పు కాదు. కాని నల్గొండ జిల్లాలో అది సగము జవాబు మాత్రమే. తక్కిన సగము కొందరు పెద్దల పండ్ల మీద గోధుమరంగు చారలుగా వ్రాసియున్నది.

ఈ రెండు సగములను ఒకే బకెట్టులో కలిపి పరిష్కరింపబూనిన ప్రయత్నమే నల్గొండ పద్ధతి. శాస్త్రలోకములో ఒక తెలుగు జిల్లా పేరు నిలిచిన సందర్భములు తక్కువ. అందుచేత ఈ పేరును పాఠ్యపుస్తకములు గర్వముతో చెప్పుట సహజమే. అయితే గర్వము వేరు, విచారణ వేరు. పరీక్షలో రెండు మార్కులకు వ్రాయు జవాబుగా మాత్రమే మిగిలిన ఈ పద్ధతిని పరీక్షకుని కంటితో చూచినవారు కొద్దిమంది.

మొదట కథ. నూతులలోని క్రిముల మీద రసాయనములతో పోరాటము మన దేశమునకు కొత్త కాదు. 19వ శతాబ్దపు చివర ఆగ్రాలో పనిచేసిన హాంకిన్ అను సూక్ష్మజీవి శాస్త్రజ్ఞుడు కలరా వచ్చిన గ్రామములలో నూతులందు పొటాషియం పర్మాంగనేటు కలుపుటను ప్రచారము చేసెను. నీళ్లు గులాబిరంగుకు తిరుగుట చూచి జనులకు ధైర్యము కలిగెడిది. తరువాత ఆ స్థానమును విరంజన చూర్ణము, అనగా బ్లీచింగు పౌడరు, ఆక్రమించెను. పైకి తెరచియున్న దిగుడు బావిలో కలరా, టైఫాయిడు క్రిములకు తోడు నారిపురుగు కూడ ఉండెడిది. కనుక మూతగల గొట్టపుబావి, దానిపై చేతిపంపు, వచ్చుట నిజముగా గొప్ప మేలు. 1970ల చివర నుండి ఇండియా మార్క్–2 పంపులు ఊరూర వెలసెను. మన జనులు వానిని బోరింగులు అన్నారు. నేల పొరలలో వడియబడి వచ్చు నీరు కనుక బోరింగు నీళ్లలో క్రిములు తక్కువ. ఆ లెక్క సరియైనదే.

లెక్కలోనికి రానిది రాయి. ఇక్కడి గ్రానైటులో ఫ్లోరినుగల ఖనిజములు ఉన్నవి. నీరు ఎంత లోతున, ఎంతకాలము రాతిని అంటియుండునో, అంతగా ఫ్లోరైడు అందులోనికి దిగును. అయితే నెపమంతయు బోరింగుల మీద నెట్టుట న్యాయము కాదు. 1937లోనే షార్టు, ఆయన సహచరులు అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు ప్రాంతమున ఫ్లోరోసిస్ వ్యాధిని వర్ణించినారు. నల్గొండ జిల్లాలోని వ్యాధిని గూర్చి సిద్దిఖీ వ్రాసిన వ్యాసము 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నలులో వెలువడెను. బోరింగులు రాకముందే ఎముకలు వంగియుండెను. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి గార్లు ఇట్టి ప్రాంతములో మోకాళ్లు ఒకదానికొకటి తగులునట్లు కాళ్లు వంకరపోవుటను లాన్సెట్ పత్రికలో ప్రకటించినారు. లోతుబావుల వలన జరిగినది ఏమనగా, ఒక శత్రువును వెళ్లగొట్టిన తలుపునుండియే రెండవ శత్రువునకు మరింత చోటు దొరకుట.

ఈ పరిస్థితిలో నాగపూరునందలి జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ, అనగా నీరీ, ముందుకు వచ్చినది. 1958లో కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగు పరిశోధన సంస్థగా పుట్టి, 1974లో పేరు మార్చుకొన్నది ఇదియే. 1975లో నవ్లఖే, కులకర్ణి, పాఠక్, బులుసు అను నలుగురు శాస్త్రజ్ఞులు తమ పద్ధతిని నల్గొండ పేరుతో ప్రకటించినారు. విధానము సులభము. నలుబది లీటర్ల నీళ్లు పట్టు బకెట్టు, దాని అడుగునకు మూడు నాలుగు సెంటీమీటర్ల ఎత్తున ఒక కొళాయి. నీటిలో మొదట సున్నము, విరంజన చూర్ణము కలిపి, పిదప పటిక ద్రావణము పోసి, పది నిమిషములు మెల్లగా కలియబెట్టవలెను. గంటసేపు కదల్చకుండ ఉంచిన దూదిపింజల వంటి మడ్డి అడుగునకు దిగును. పై నీటిని కొళాయినుండి పట్టుకొనవలెను.

ఇందులో కొత్త పదార్థము ఒక్కటియు లేదు. మురికినీటికి పటిక తిప్పుట, చిల్లగింజ అరగదీసి వేయుట మన ఇళ్లలో ఎరిగినవే. అల్యూమినియం సమ్మేళనములతో ఫ్లోరైడును తీయవచ్చునని అమెరికాలో బోరఫ్ 1934లోనే పరిశీలించెను. (పండ్లమీది మచ్చలకు నీటిలోని ఫ్లోరిను కారణమని 1931లో పట్టుకొన్న చర్చిల్ ఒక అల్యూమినియం కంపెనీ రసాయనజ్ఞుడగుట ఒక వింత.) కొత్తదనము పదార్థములలో గాక వాని కూర్పులో ఉన్నది: విద్యుత్తు అక్కరలేని, అంగడిలో దొరకు సరుకులతో, పల్లెటూరి ఇంటిలో చేయదగినట్లు కూర్చుట. ఆ మేరకు ఇది మెచ్చదగిన పని. ఆఫ్రికాలో టాంజానియా, ఇథియోపియా దేశములు దీనిని తెచ్చుకొని ప్రయత్నించుట అకారణము కాదు.

ఇక దోషములకు వత్తము. అవి అర్థము కావలెనన్న ఒక మౌలికమైన భేదమును గుర్తింపవలెను. పాఠ్యపుస్తకములు దాటవేయునది సరిగా దీనినే. సూక్ష్మజీవి ప్రాణి. దాని పై పొరను చీల్చినను, లోపలి ఎంజైములను పాడుచేసినను అది చచ్చును. చచ్చిన కలరా క్రిమి నీటిలోనే ఉన్నను వ్యాధి కలిగింపదు. ఫ్లోరైడు అట్టిది కాదు. అది మూలకపు అయాను. దానిని చంపుట లేదు, కాల్చుట లేదు, విరుచుట లేదు. ఒకచోటినుండి తీసి మరియొకచోట పెట్టుట మాత్రమే కలదు. నీళ్లు కాచినచో క్రిములు చచ్చును. ఫ్లోరైడు మాత్రము చిక్కబడును. లీటరునకు 3 మి.గ్రా. ఫ్లోరైడు గల నీటిని కాచి ముప్పాతిక లీటరు చేసినచో, మిగిలిన నీటిలో అది లీటరునకు 4 మి.గ్రా. అగును. "నీళ్లు కాచి చల్లార్చి త్రాగుడు" అను మంచిమాట ఒక్క విషయములో ఇక్కడ పనిచేయదని ఎన్ని పాఠములలో చెప్పుచున్నారు?

ఈ భేదము మోతాదులో కనబడును. క్రిములను చంపుటకు లీటరునకు ఒక మిల్లీగ్రాము క్లోరిన్ చాలుననుకొందము. మంచి విరంజన చూర్ణములో మూడవ వంతు క్లోరిన్ ఉండును కనుక నలుబది లీటర్లకు 120 మి.గ్రా. చూర్ణము, అనగా చిటికెడుకంటె తక్కువ. ఇప్పుడు పటిక సంగతి చూడుడు. నీటిలోని ఫ్లోరైడును లీటరునకు 4 నుండి 1 మి.గ్రా. కు దింపుటకు లీటరునకు 500 మి.గ్రా. పటిక పట్టినదనుకొందము; క్షారత్వము ఎక్కువగా గల నీటికి ఇది అతిశయమైన మోతాదు కాదు. అనగా 3 మిల్లీగ్రాములను పట్టుటకు 500 మిల్లీగ్రాములు! ఎలుకను పట్టుటకు ఏనుగును ఇంటిలోనికి తెచ్చినట్లు. బకెట్టునకు 20 గ్రాములు, సంవత్సరమునకు 7 కిలోలకు పైగా.

తెచ్చిన ఏనుగు ఊరకుండునా? నీటి శుద్ధికి వాడు పటిక అల్యూమినియం సల్ఫేటు. దాని బరువులో సుమారు 43 వంతులు సల్ఫేటు. కావున ఆ లీటరు నీటిలోనికి 216 మి.గ్రా. సల్ఫేటు కొత్తగా చేరును. భారత ప్రమాణముల సంస్థ త్రాగునీటిలో సల్ఫేటునకు అంగీకరించు మేర 200 మి.గ్రా.; వేరు నీటివనరు లేనప్పుడు 400 వరకు ఓర్చుకొనవచ్చును. నీటిలో ముందే కొంత సల్ఫేటు ఉన్నచో, ఒక హద్దునకు లోబడుటకై మరియొక హద్దును దాటవలసి వచ్చును. రుచి మారుట సరేసరి.

అల్యూమినియం సంగతి ఇంకను సున్నితము. 500 మి.గ్రా. పటికలో 40 మి.గ్రా. అల్యూమినియం కలదు. త్రాగునీటిలో దానికి సడలించిన హద్దు 0.2 మి.గ్రా. మాత్రమే. వేసిన దానిలో రెండువందల వంతులకు ఒక వంతు కంటె ఎక్కువ నీటిలో మిగులరాదన్నమాట. మడ్డి బాగుగ దిగినప్పుడు ఇది సాధ్యమే. కాని పసిపిల్లవాడు బకెట్టును కదల్చినను, తొందరపడి అరగంటకే కొళాయి త్రిప్పినను, పటిక ఎక్కువై నీరు ఆమ్లమైనను, లెక్క తప్పును. పైగా నీరు ఆమ్లత్వమువైపు పోయినప్పుడు కొంత ఫ్లోరైడు అల్యూమినియముతోనే జతకట్టి కరగినట్లే నీటిలో ఉండిపోవును; మడ్డిలోనికి రాదు. 1975లో అల్యూమినియం అవశేషమును గూర్చి నేటి పట్టింపు లేదు కనుక ఆ శాస్త్రజ్ఞులను ఇందుకు నిందించుట తగదు. ఆ వ్యాసము వచ్చి ఏండ్లు గడచిన తరువాత కూడ ఈ ముక్క చేర్చకుండ పద్ధతిని వల్లించువారిని నిందింపవచ్చును.

అసలు చిక్కు మోతాదు పట్టికలో ఉన్నది. వేయవలసిన పటిక ఫ్లోరైడు మీదనేగాక నీటి క్షారత్వము మీద కూడ ఆధారపడును. ఒక ఊరిలోనే రెండు బోరింగులకు రెండు మోతాదులు. ఒకే బోరింగునకు వానకాలము ఒకటి, ఎండకాలము మరియొకటి కావచ్చును. ప్రయోగశాలలో ఇది సమస్య కాదు. పొద్దుననే లేచి, నీళ్లు మోసి, పొయ్యి రాజేసి, నాట్లకు పోవలసిన తల్లికి మాత్రము ప్రతిదినము గ్రాముల లెక్కన పటిక తూచుట, పది నిమిషములు కలియబెట్టుట, గంట ఆగుట సమస్యయే. క్రిములున్న నీరు త్రాగినచో నాలుగు రోజులలో వాంతులగును. జాగ్రత్త నేర్పుటకు ఆ భయము చాలును. ఫ్లోరైడు పది ఇరువది యేండ్లకుగాని ఎముకలలో కనబడదు. ఈ దినము బకెట్టు కలుపకున్నచో రేపు ఏమియు కాదు. కనబడని ఆపదకు కనబడు శ్రమను ప్రతిదినము అడుగు పద్ధతి ఇండ్లలో నిలుచుట కష్టము. పద్ధతిని రూపొందించినవారు నీటి రసాయనమును కొలిచినంత శ్రద్ధగా ఇంటి దినచర్యను కొలువలేదనుటయే దీనిపై చేయదగిన ముఖ్యమైన విమర్శ.

మడ్డి మాట కూడ చెప్పవలెను. బకెట్టు అడుగున ప్రతిదినము ఎండబెట్టిన తూకములో నాలుగైదు గ్రాముల అల్యూమినియం హైడ్రాక్సైడు, దానిని అంటుకొని నీటినుండి తీసిన 120 మి.గ్రా. ఫ్లోరైడు మిగులును. దానిని ఎక్కడ పారబోయుదురు? పెరటిలోననే. తీసినదానిని పెట్టుచోటు చెప్పని శుద్ధి సగము శుద్ధి.

ఇన్ని దోషముల నడుమ ఎవరును పట్టించుకొనని భాగము, ఆ చిటికెడు విరంజన చూర్ణము, చక్కగా పనిచేయును. పైగా ఇక్కడ ఒక అందమైన పొందిక ఉన్నది. క్లోరిన్ నీటిలో హైపోక్లోరస్ ఆమ్లముగా ఉన్నప్పుడు క్రిములను వేగముగా చంపును. హైపోక్లోరైటు అయానుగా మారినప్పుడు చాల మందగించును. నీటి పి.హెచ్. 8.5 వద్ద పదింట ఒక వంతు మాత్రమే మొదటి రూపములో నుండును, 6.5 వద్ద పదింట తొమ్మిది వంతులు. సున్నము పి.హెచ్.ను పెంచును, పటిక దింపును. ఫ్లోరైడు కొరకు పోసిన పటిక, అడుగకుండగనే క్లోరినుకు సాయము చేయుచున్నది. పటిక మడ్డి క్రిములను కూడ కొంత తనతో క్రిందికి తీసికొనిపోవును. పద్ధతిలో ఇంత చక్కని భాగమును పాఠములలో "క్రిములు నశించుటకు బ్లీచింగు పౌడరు కలుపుదురు" అను ఒక్క వాక్యముతో ముగించుట అన్యాయము. అయితే చూర్ణమునకు ఒక బలహీనత ఉన్నది. తేమ, ఎండ తగిలినచో దాని క్లోరిన్ ఎగిరిపోవును. మూత సరిగాలేని డబ్బాలో నెలల తరబడి ఉన్నది తెల్లని పొడియే గాని మందు కాదు.

ఈ బలహీనతను చూపి కొత్త రసాయనములను పొగడువారు కలరు. క్లోరినును మెల్లగా విడుదల చేయు బిళ్లలు నిజముగా మేలైనవి; మోతాదు తప్పదు, నిల్వ యుండును. వెండి పూతగల వడపోత సాధనములు, మరికొన్ని సమ్మేళనములు కూడ అంగడికి వచ్చినవి. వాని ప్రకటనలలో "నూటికి 99.99 వంతుల క్రిములు హతము" అని యుండును. పిల్లలచే లెక్క వేయింపుడు: పది లక్షల క్రిములున్నచో ఇంకను నూరు మిగులును. పైగా ఆ అంకెలో ఫ్లోరైడునకు చోటే లేదు. నీటిపై "సురక్షితము" అను ముద్ర చూచి నల్గొండ మెట్టలోని వినియోగదారుడు ఫ్లోరైడు కూడ పోయినదనుకొన్నచో అది అతని తప్పు కాదు. చంపుటనే శుద్ధి అని నేర్పిన చదువుది.

అంతేకాదు, సూక్ష్మజీవులలోనే కొన్ని క్లోరినుతో చంపుటకు లొంగవు. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరమున క్రిప్టోస్పోరిడియం అను ప్రజీవి కుళాయి నీటిద్వారా వ్యాపించి సుమారు నాలుగు లక్షలమందిని జబ్బుపరచినది. నీటిలో క్లోరిన్ ఉన్నది. కాని దాని గట్టి పెంకును అది ఛేదింపలేదు. దానిని చక్కగా నడచు వడపోత గదులు ఆపగలవు. కావున "చంపదగినవి క్రిములు, తీయదగినవి లవణములు" అని విభాగము గీసి ఊరకుండుటకును వీలులేదు. కొన్ని క్రిములను కూడ తీయవలసినదే.

నల్గొండ పద్ధతి ఇండ్లలో నిలువకపోయినను జిల్లా కథ అక్కడ ఆగలేదు. ఫ్లోరైడు లేని నీరు కావలెనని జనులు దశాబ్దములు ఆందోళన చేసినారు. రాతినీటిని బాగుచేయుటకంటె నదినీటిని తెచ్చుటయే దారి యని తేలెను. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాను ఆవిష్కరింపబడిన తెలంగాణ త్రాగునీటి పథకమే తరువాత మిషన్ భగీరథ. కృష్ణాజలము గొట్టములద్వారా ఈ మెట్టకు ఎక్కినది. ఇంటింట మోతాదు తూచు భారము తల్లి మీదినుండి తొలగినది. నల్గొండ పద్ధతిపై ఇంతకుముందు చేసిన విమర్శకు ఆచరణలో దొరకిన జవాబు ఇదియే.

అయితే నదినీరు నేల పైని నీరు. దానిలో ఫ్లోరైడు తక్కువ, క్రిములకు కరువులేదు. కిలోమీటర్ల కొలది గొట్టములు, అక్కడక్కడ జోళ్లు, నీరు ఆగినప్పుడు పగుళ్లలోనుండి లోనికి దిగు మురుగు. మూడు తరములలో జిల్లా ఒక చుట్టు తిరిగి మొదటి శత్రువు దగ్గరకే వచ్చినది. ఇప్పుడు భద్రత పటికలో లేదు, గొట్టము చివరవరకు మిగులవలసిన క్లోరినులో ఉన్నది. అది లీటరునకు కనీసము 0.2 మి.గ్రా. ఉండవలెనని ప్రమాణము. శుద్ధికేంద్రములో కలిపినంత మాత్రమున చాలదు. దారిలోని మలినము దానిని తినివేయును.

ఇందు పాఠశాలకు ఒక పని ఉన్నది. దానికి ఖర్చు కూడ తక్కువ. గాజునాళికలో కుళాయి నీరు పట్టి డి.పి.డి. బిళ్ల వేసినచో, క్లోరిన్ ఉన్నయెడల గులాబిరంగు వచ్చును. పాత పుస్తకములలోని ఆర్థోటోలిడిన్ పరీక్షలో పసుపు వచ్చెడిది. ఊరి మొదటి వీధి కుళాయిలో ఒకమారు, చివరి ఇంటి కుళాయిలో ఒకమారు, వానకాలములో వారమునకొకమారు పిల్లలు చూచి, తేదీతో నోటు పుస్తకములో వ్రాయవచ్చును. బోరింగు నీళ్లు ఇంకను పశువులకు, వంటకు వాడుచున్న ఇండ్లున్నచో ఆ నీటిలోని ఫ్లోరైడు అంకెను జిల్లా నీటి పరీక్షాశాలనుండి తెచ్చి పక్క గడిలో వేయవచ్చును. క్రిములకొక గడి, ఫ్లోరైడునకొక గడి. రెండును ఒకే పుటలో. చివరి ఇంటి నాళికలో రంగు రాని దినమున ఆ పుటను పంచాయతీ కార్యాలయమునకు తీసికొనిపోవలెను.